వీధిని త్రవ్వువాని ఋణము



మా వీధికి క్రొత్తగా తారు వేసి అప్పటికి ఇరువది దినములైనను కాలేదు. సాయంకాలము వేళ పిల్లలు ఆ నునుపైన దారిమీద సైకిళ్ళు త్రొక్కుచుండగా, పెద్దలము అరుగులమీద చేరి, ఎన్నేండ్లకు మన వీధి వీధివలె కనబడుచున్నదని సంతసించుచుంటిమి. ఒకనాటి వేకువజామున పలుగుల చప్పుడునకు మెలకువ వచ్చి వాకిలి తీసి చూచునప్పటికి, ఈ మొదటినుండి ఆ చివరివఱకు మూరెడు వెడల్పున ఒక కందకము సాగిపోయి యున్నది. ఎవరు త్రవ్వించుచున్నారని మేస్త్రీని అడిగితిని. ఏదో కేబులు కంపెనీ అని చెప్పెను. అనుమతి కాగితమేదని అడిగితిని. కాంట్రాక్టరుగారి యొద్ద నుండునని చెప్పెను. ఆ మధ్యాహ్నమే మంచినీటి గొట్టము పగిలినది. మూడు దినములు వీధివారమందఱము బిందెలు పట్టుకొని ట్యాంకరు ముందు నిలుచుంటిమి. పైపైన మన్ను కప్పి విడిచిన ఆ కందకము తొలకరి వానలకు జానెడు క్రుంగి, నీరు నిండి, నేలతో సమానముగా మెఱయుచుండగా, మా ప్రక్కయింటి పెద్దమ్మగారు గుడికి పోవుచు అందులో అడుగుపెట్టి తుంటియెముక విఱుగగొట్టుకొన్నారు. ఎవరు తీసిన గోతిలో వారే పడుదురని మన పెద్దల సామెత. నగరవీధిలో ఆ సామెత చెల్లదు. ఒకరు తీసిన గోతిలో, ఆ గోతితో ఏ సంబంధమును లేని మఱియొకరు పడుదురు.

ఆమె నేటికిని చేతికఱ్ఱ లేక నడువలేరు. ఆ కందకమునకు అనుమతి యుండెనో లేదో మాకు తుదివఱకు తెలియరాలేదు. నగరవీధులలో స్తంభము నాటుటకును, నేల త్రవ్వుటకును పొందవలసిన అనుమతినిగూర్చి నేడు మీతో ముచ్చటింపవలెనని నాకు తోచుటకు ప్రతి ఉదయమును వినవచ్చు ఆ చేతికఱ్ఱ చప్పుడే కారణము.

అనుమతి యనగానే మనలో ననేకులకు కార్యాలయముల మెట్లును, ఒక బల్లమీదినుండి మఱియొక బల్లమీదికి కదలని దస్త్రమును, రేపు రమ్మను మాటయు జ్ఞప్తికి వచ్చును. ఆ కష్టము కల్ల కాదు. దాని సంగతి తరువాత చెప్పెదను. కాని అనుమతికి మూలమైన భావము వేఱు. వీధి యెవరిది? మన యింటి ముందున్న వీధి మనది కాదు. దానిని ఊడ్పించి, తారు వేయించు నగరపాలక సంస్థదియు కాదు. ఆ సంస్థ ధర్మకర్త మాత్రమే. వీధి ఆ దారిన నడచు సమస్త జనులకును ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తులో కొంత భాగమును కొన్ని దినములు తన పనికై తీసికొనువాడు ప్రజలకు ఋణపడుచున్నాడు. ఎంత నేల, ఎన్ని నాళ్ళకు, ఏ పూచీమీద తీసికొనుచున్నాడో, మరల ఏ రూపమున అప్పగించునో వ్రాసి యిచ్చిన ఋణపత్రమునకే అనుమతి పత్రమని పేరు. దీనిని ఇట్లు గ్రహించినచో, అందలి ప్రతి షరతునకును అర్థము తనంతట తానే బోధపడును.

మనము నడచు వీధి క్రింద ఏమున్నదో ఒకమాఱు తలచుకొనుడు. హైదరాబాదు నగరమునే తీసికొందము. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొనిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మఱుసటి యేట ఇచటికి వచ్చి, వరదల నరికట్టు జలాశయములకును, మురుగునీటి పారుదలకును పథకములు రచించిరి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇఱుకు వాడలను విప్పి వీధులను వెడల్పు చేసినది. 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియై, ఆ నీరు గొట్టములలో వీధుల క్రిందుగా ఇండ్లకు నడచినది. ఆ 1920లోనే హుస్సేన్‌సాగరపు తీరమున విద్యుత్కేంద్రము వెలసి, తీగలు వీధుల మీదుగా ఇండ్లకు నడచినవి. ఆపైని టెలిఫోను తీగలు, మా కాలమున గాజుపోగుల కేబుళ్ళు, వంటగ్యాసు గొట్టములు ఒకదానివెంట నొకటి వచ్చి చేరినవి. ప్రతి తరమును ఆ నేలలో తన వంతు దాచినది. ఏ మలుపువద్ద ఏ గొట్టము ఒదిగియున్నదో చూపు పటము లేనిచోట, నాటి ఫిట్టరు జ్ఞాపకమే పటము. ఆ ఫిట్టరు ఉద్యోగము చాలించి ఇల్లు చేరినపుడు ఆ పటమును ఆయన వెంటనే వెడలిపోవును. ఇటువంటి నేలమీద ఎవరికిని చెప్పక పలుగు దింపువాడు, తాతముత్తాతల నాటినుండి దాచిన ధాన్యపు పాతఱమీద కన్నులు మూసికొని గునపము వేయుచున్నాడు.

శాసనము ఈ ధర్మమును తొలినుండియు గుర్తించినది. స్థానిక సంస్థల అధీనమందున్న నేలలో ఆ సంస్థ అనుమతి లేక తంతి తీగలు వేయరాదనియు, సాధ్యమైనంత తక్కువ నష్టము కలిగింపవలెననియు, కలిగిన నష్టమునకు పరిహార మీయవలెననియు 1885 నాటి టెలిగ్రాఫు చట్టమే విధించినది. 1910 నాటి విద్యుచ్ఛక్తి చట్టమునకు మాఱుగా వచ్చిన 2003 చట్టము, తన 67వ విభాగమున, లైసెన్సు పొందిన విద్యుత్ సంస్థకు వీధిని త్రవ్వు అధికారము నొసగుచు, ఆ విభాగమునందే నష్టమును అసౌకర్యమును వీలైనంత తగ్గింపవలెననియు, పరిహారమును పూర్తిగా చెల్లింపవలెననియు కట్టడి చేసినది. అధికారమును బాధ్యతయు రెండు వేఱువేఱు చోట్ల వ్రాయక ఒకే విభాగమున జంటగా నిలిపిన ఆ శాసనకర్తల వివేకమును నేను గౌరవింతును. త్రవ్వు హక్కునుండి పూడ్చు బాధ్యతను ఎవరును విడదీయజాలరని దాని తాత్పర్యము.

ఇక కార్యాలయముల ఆలస్యపు మాట. ఇది త్రవ్వువాని పక్షమున న్యాయమైన ఫిర్యాదే. 2016 నవంబరులో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన టెలిగ్రాఫు మార్గాధికార నియమములు దానికి ఒక సమాధానము చెప్పినవి. వాని ప్రకారము దరఖాస్తు అందిన 60 దినములలోగా అధికారి నిర్ణయము తెలుపవలసి యుండెను. తెలుపనిచో అనుమతి యిచ్చినట్లే భావింపబడెడిది. నిరాకరింపదలచినచో దరఖాస్తుదారుని మాట విని, కారణములను వ్రాతమూలముగ తెలుపవలసి యుండెను. ఆ నియమములకు బదులుగా, 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ననుసరించి చేసిన క్రొత్త నియమములు 2025 జనవరి 1వ తేదినుండి అమలులోనికి వచ్చినవి. వీని సారమేమనగా, వీధిని తీసికొనువాడు ప్రజలకు నేల బాకీపడినట్లే, అనుమతి నీయవలసిన అధికారి దరఖాస్తుదారునికి కాలము బాకీపడి యున్నాడు. ఆ బాకీ సకాలమున తీఱకున్నచో, నిజాయితీపరుడు కూడ వేకువజామున దొంగచాటుగా పలుగు పట్టుటకు దిగును. ఆలస్యమును మాన్పక అక్రమమును మాన్పజాలము.

అనుమతి పొందు క్రమమును సామాన్యులకు తెలియునట్లు చెప్పెదను. కేబులు సంస్థయైనను, క్రొత్త యిల్లు కట్టి నల్లా కనెక్షన్ కోరు గృహస్థుడైనను, ముందుగా త్రవ్వదలచిన దారి పటమును గీయించి, పొడవు, వెడల్పు, లోతు, పైనున్నది తారు రోడ్డో సిమెంటు రోడ్డో కాలిబాటయో, పని ఎన్ని దినములు పట్టునో తెలుపవలెను. నగరపాలక సంస్థ ఇంజినీరు ఆ స్థలమును స్వయముగా చూడవలెను. హైదరాబాదులో నీరు, మురుగునీరు జలమండలివి. స్తంభములు, తీగలు విద్యుత్ పంపిణీ సంస్థవి. వాహనముల దారి ట్రాఫిక్ పోలీసులది. కావున వారివారి సమ్మతియు కావలెను. పిమ్మట రోడ్డును తిరిగి వేయుటకగు ఖర్చును లెక్కకట్టి డిమాండు నోటీసు నిత్తురు; ఆ సొమ్ము కట్టిన తరువాత తేదీలు, వేళలు, షరతులు వ్రాసిన అనుమతి లభించును. సిమెంటు రోడ్డునకు రుసుము హెచ్చుగా నుండుటకు కారణము సులభము. తారును అతికింపవచ్చును గాని, కోసిన సిమెంటు పలకను అతుకు కనబడకుండ కలుపుట బహు కష్టము. అందుచేతనే ముఖ్యమైన కూడళ్ళలో పైని కోయక, ఒక ప్రక్క గుంత తీసి, యంత్రముతో నేల లోపలనే అడ్డముగా బెజ్జము తొలచి, ఆవలి గుంతలో తేలునట్లు గొట్టమును పంపు పద్ధతిని కోరుదురు. వానకాలమున అత్యవసరమైన మరమ్మతులకు దప్ప త్రవ్వకములకు అనుమతి నిలిపివేయుట హైదరాబాదులో ఏటేటను వచ్చు ఆచారము. మితిమీరి తడిసిన మన్ను ఎంత కొట్టినను గట్టిపడదు, నీట మునిగిన గొయ్యి కంటికి కానరాదు.

రుసుము చెల్లించినంతమాత్రమున ఋణము తీఱలేదు. ఋణము తీఱుట పలుగు దిగిన క్షణమునుండి మొదలగును. యంత్రము రాకమునుపు, చేతిపారతో నక్కడక్కడ చిన్న పరీక్షాగుంతలు తీసి, లోపల నేమేమి యున్నదో కంటితో చూచుకొనుట మొదటి జాగ్రత్త. విద్యుత్ కేబులు ఎంత లోతున నుండవలెనో భారతీయ ప్రమాణము చెప్పుచున్నది: తక్కువ వోల్టేజి కేబులునకు 75 సెంటీమీటర్లు, 11 కిలోవోల్టుల కేబులునకు 90, 33 కిలోవోల్టుల దానికి 105, రోడ్డు దాటుచోట ఒక మీటరు. కేబులు క్రింద మెత్తని యిసుక పాన్పు, మీద మరల ఇసుక, ఆపైని ఇటుకల వరుస. ఆ ఇటుకలు కేబులునకు రక్ష మాత్రమే గాదు. పదేండ్ల తరువాత మఱియొకడు అక్కడ త్రవ్వినపుడు అతని పలుగునకు తగిలి, ఆగుము, క్రింద ప్రాణాపాయ మున్నదని హెచ్చరించు మాటలేని సందేశము. ఇరువది సెంటీమీటర్లు ఆదా చేసికొన్న కాంట్రాక్టరు ఆ సందేశమును చెఱిపివేయుచున్నాడు.

ఇక పూడ్చుట. మా వీధి కందకము క్రుంగుటకు కారణము మన్ను చెడ్డదగుట గాదు. తీసిన మన్నునంతను ఒక్కమాఱే లోపలికి త్రోసివేయుట. ఇంటి పునాది పూడ్పించిన ప్రతి మేస్త్రీకిని తెలిసిన రహస్యమే యిది: జానెడుకు మించని పొరలుగా మన్ను పోసి, ప్రతి పొరను తడిపి, దిమ్మిసతో కొట్టి, అది గట్టిపడిన పిమ్మటనే పై పొర వేయవలెను. తన యింటి పునాదికి ఈ జాగ్రత్త పాటించు మనిషి వీధికి పాటింపకుండుటకు హేతువొక్కటే. వీధి తనది కాదనుకొనుట. 2019-20లో హైదరాబాదు ప్రధాన రహదారులలో సుమారు 709 కిలోమీటర్ల నిర్వహణను ఐదేండ్లపాటు ప్రైవేటు సంస్థలకు అప్పగించినపుడు నాకు కలిగిన ఆలోచన ఇది: ఒక రోడ్డు బాగోగులకు ఐదేండ్లు పూచీ వహించినవాడొకడు ఎదుట నున్నచో, దానిని త్రవ్వువాడు ఆ యెదుటివానికి జవాబు చెప్పవలసి వచ్చును. యజమాని కనబడనిచోట ఋణము తీర్చువారు అరుదు. చిన్న వీధులకు అటువంటి యజమానిగా నిలువవలసినవారము మనమే.

స్తంభముల విషయము మఱియొక తెఱగు. స్తంభము చూచుటకు చిన్నది. కాని నాటినది నాటినట్లు పదుల యేండ్లు నిలుచును గనుక, అది ఆక్రమించు చోటు స్వల్పమైనను కాలము దీర్ఘము. పొడవులో ఆఱవ వంతు నేలలో నుండవలెనని లైన్‌మన్‌ల లెక్క. తొమ్మిది మీటర్ల స్తంభమునకు మీటరున్నర గుంత. ఆ గుంత మురుగు కాలువమీద పడరాదు. స్తంభము కాలిబాట నడుమ నిలిచి, చక్రాల కుర్చీలో పోవువానిని రోడ్డుమీదికి దింపరాదు. వీధికి అడ్డముగ పోవు తీగ, తక్కువ వోల్టేజి దైనచో నేలకు 5.8 మీటర్లు, 11 కిలోవోల్టుల దైనచో 6.1 మీటర్లు ఎత్తున నుండవలెనని నియమము. విద్యుత్ స్తంభమునకు టెలివిజను కేబుళ్ళను, ఇంటర్నెట్టు కేబుళ్ళను అడుగకయే చుట్టి, చుట్టలు చుట్టలుగా వ్రేలాడదీయుట మన నగరములలో ప్రతి కూడలియందును చూచుచున్నాము. ఒకరి స్తంభమును మఱియొకరు వాడుకొనుటయు ఋణమే. స్తంభము స్వామి అనుమతి లేక కట్టిన ప్రతి తీగయు, నిచ్చెన యెక్కి మరమ్మతు చేయు లైన్‌మన్ ప్రాణమునకు కట్టిన ఉరిత్రాడు.

స్తంభము, కందకము రెండింటి బరువును ఒకే పట్టణము తెలిసికొన్న ఉదంతము విశాఖపట్నమున జరిగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరము మీదనే తీరము దాటినపుడు, స్తంభములు వేలకొలదిగా ఒఱిగి, తీగలు నేల కూలి, నగరము దినముల తరబడి చీకటిలో మునిగినది. ఆ దెబ్బనుండి నేర్చిన పాఠముగా, ప్రపంచబ్యాంకు సహాయముతో, నగరములోని తీగలను భూగర్భమునకు దింపు పని చేపట్టిరి. తుపానుగాలికి చిక్కని చోట తీగను దాచుట ఎంత వివేకమో, దానికొఱకు జనసమ్మర్దముగల నగరమున వీధి వీధిని తెఱచుట అంత కష్టము. ఆకాశమునందలి చిక్కు తీఱవలెనన్నచో నేలలో ఓర్పుతో త్రవ్వవలెను. నేలలో ఓర్పుతో త్రవ్వవలెనన్నచో అన్ని శాఖలవారును ఒక పటము ముందు కూర్చుండవలెను. తూర్పుతీరమున నున్న ప్రతి పట్టణమును ఏదో ఒకనాడు చేయక తప్పని పని యిది.

ఆ ఒక్క పటము ఏది? 2023 మార్చి 22న ప్రధానమంత్రి చేతులమీదుగా ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అను మొబైలు సాధనము ప్రారంభమైనది. త్రవ్వుటకు ముందు మాట చెప్పుమని దాని పేరే చెప్పుచున్నది. త్రవ్వదలచినవాడు తన స్థలమును అందులో తెలిపినచో, ఆ నేలలో కేబుళ్ళు, గొట్టములు గల సంస్థలకు వార్త చేరి, వారు మున్ముందుగనే హెచ్చరింపగలరు. సమన్వయము లేని త్రవ్వకములవలన దేశమునకు ఏటేట సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టము కలుగుచున్నదని ప్రభుత్వము ఆ సందర్భమున తెలిపినది. కాని ఏ సాధనమైనను తనలో వ్రాసినదానినే చూపగలదు. కావున పని ముగిసిన దినమున, గీసిన పటము గాక పఱచిన పటము, అనగా నిజముగా ఏ లోతున ఏ మలుపు తిరిగి వేసితిమో చూపు పటము, నగరపాలక సంస్థకు అందినగాని పూచీసొమ్ము తిరిగి యీయరాదని నా దృఢమైన అభిప్రాయము. పూడ్చినవాడు ఋణములో అసలు తీర్చినాడు. పటము నిచ్చినవాడు వడ్డీయు తీర్చినాడు. ఆ వడ్డీ మన మనుమల కాలమునకు మూలధనము.

ఈ లెక్కలన్నిటి నడుమ, గుంతలో దిగి నిలిచిన మనిషిని మఱువరాదు. పాలమూరు కూలీలు అను మాట మన దేశమున ఏ ఆనకట్ట కట్టినచోటనైన, ఏ కాలువ త్రవ్వినచోటనైన వినబడినదే. వానలు కఱవై, చేలు బీడులై, ఇంటిముసలివారిని ఊర విడిచి, భార్యాబిడ్డలతో వలసపోయిన ఆ మహబూబ్‌నగరు పల్లెలవారును, తరతరములుగా రాయి, మన్ను నమ్ముకొన్న వడ్డెరలును తమ చేతులతో తీసిన కందకములలోనే మన నీరు, మన వెలుగు, మన మాట ప్రవహించుచున్నవి. ఛాతీలోతు మించిన కందకమున ప్రక్కలకు చెక్కలు కట్టి ఊత పెట్టవలెననియు, తీసిన మన్నును అంచునే కుప్ప పోయరాదనియు అనుమతిలో వ్రాయు షరతు కాగితపు అలంకారము గాదు. అది ఆ కూలీ బిడ్డకు తండ్రిని సాయంత్రము ఇంటికి చేర్చు వాక్యము. రాత్రివేళ ఎఱ్ఱదీపము, చుట్టును కంచె, పని చేయించువాని పేరును గడువు తేదీయు వ్రాసిన పలకయు ఇట్టివే. అనుమతి లేని పనికి ఈ షరతులు లేవు. షరతులు లేనిచోట కూలీకి దిక్కును లేదు.

మన సంప్రదాయమున ఇల్లు కట్టువాడు మొదటి గడ్డపాఱ వేయుటకు ముందు భూమిపూజ చేయును. ఉదయమున మంచము దిగువాడు పాదస్పర్శకు నేలతల్లిని క్షమింపుమని వేడును. త్రవ్వుటకు ముందు అడుగుట మనకు పరాయి ఆచారము గాదు. నేలతల్లి నడిగినట్లే, ఆ నేలమీద నడచు ప్రజలను అడుగుడని మాత్రమే నగర నియమము మనలను కోరుచున్నది. అడుగువాడు సత్యముగా వ్రాయవలెను, ఇచ్చువాడు సకాలమున ఈయవలెను, నడచువాడు మెలకువతో చూడవలెను. మీ వీధిలో కందకము కనబడినచో, విసుగుకొని ప్రక్కకు తప్పుకొని పోకుడు. పలక యున్నదేమో చూడుడు, గడువు ఎన్నటికో చదువుడు, లేనిచో నగరపాలక సంస్థకు తెలుపుడు.

మొన్న వేసవిలో మా వీధిని మరల త్రవ్విరి. ఈమాఱు మంచినీటి గొట్టము మార్చుటకు. పని మొదలగుటకు రెండు దినములు ముందే వీధి మొగలో పలక నిలిచినది. మా ప్రక్కయింటి పెద్దమ్మగారు కంటద్దాలు సవరించుకొని అందులోని ప్రతి అక్షరమును చదివి, తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొన్నారు. ఆమె వాకిటి ముందు కందకము మీద మేస్త్రీ వెడల్పాటి బల్ల వేయించి, దాటునపుడు చేయి యందించినాడు. చెప్పిన తేదీకి ఒక దినము ముందే పూడ్చుట ముగిసినది. ఆ సాయంకాలము ఆమె గుడికి పోవుచు పూడ్చినచోట ఆగి, చేతికఱ్ఱతో ఒకటికి నాలుగుమాఱులు నేలను తట్టి చూచి, గట్టిగానే యున్నదని మేస్త్రీతో చెప్పి, దానిమీదుగా నడచి వెళ్ళినారు.